వదులైన తుంటి, దాని లాభాలు

ఎవరూ ధైర్యం చేయడం లేదు కాబట్టి నేనే చెబుతున్నాను: డెబ్భై ఐదు దాటిన ప్రతి మనిషికీ ఒక వదులైన తుంటి ఉండి తీరాలి!

నాకుంది. కుడివైపు. పదిహేడేళ్ల కిందట బిగించిన కృత్రిమ తుంటి ఇప్పుడు ఎముకలో పట్టు తప్పింది. దాన్ని పీకి కొత్తది పెట్టాలట. గుల్లబారిన ఎముకా, కరిగిపోయిన కండా ఉన్న నాలాంటివాడికి రెండోసారి కోతంటే మొదటిసారంత తేలిక కాదట. నేను వద్దంటూ వచ్చాను. భయమా? ఛఛ! లాభాలు వదులుకోలేక.

ఏం లాభాలంటారా? నేను గదిలో అడుగుపెడితే జనం లేచి కుర్చీ ఇస్తారు. ముప్పై ఏళ్లు ఆఫీసరుగా వెలగబెట్టినప్పుడు ఒక్కడూ లేవలేదు! కింద పడ్డ పెన్ను తీయడం నా పని కాదు. మీటింగులో ఉపన్యాసం సాగుతుంటే ‘అబ్బా’ అని తుంటి పట్టుకుని బయటికొచ్చేయొచ్చు. పాపం, ఉపన్యాసం ఇచ్చేవాడే తలుపు తీస్తాడు.

ఇంట్లో సోఫా నుంచి బాత్రూముకి తొమ్మిది అడుగులు. ఒకప్పుడు అది నడక, ఇప్పుడు యాత్ర. బయల్దేరే ముందు ఆలోచన, మధ్యలో మజిలీ, చేరాక పరమానందం. మీ గట్టి తుంటితో ఇంత వైరాగ్యం వస్తుందా?

మళ్లీ కోత అవసరమో కాదో తేల్చడానికి పోయిన వారం ఆసుపత్రిలో నడక పరీక్ష పెట్టారు. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవాలి. ఫిజియో అమ్మాయి స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడింది. పరీక్ష తప్పడం మా ఇంటావంటా లేదు! అందుకే ముందుగా రెండు నొప్పి మాత్రలు మింగి, చేతికర్ర మా ఆవిడకిచ్చి తలుపు దగ్గర నిలబెట్టి, పళ్లు బిగబట్టి పెళ్లికొడుకులా నడిచాను.

సర్జన్ మురిసిపోయాడు. “భలే నడుస్తున్నారే! ఇంత బాగా నెట్టుకొస్తుంటే ఈ వయసులో మళ్లీ కోయడం ఎందుకు సార్? మాత్రలతో కానిద్దాం.”

చూశారా, ఫస్ట్ క్లాసు! గర్వంగా మా ఆవిడ వైపు తిరిగాను.

ఆవిడకి డెబ్భై నాలుగు. బరువు నాలో సగం. ఎడమ భుజం రుద్దుకుంటూ లోపలికొచ్చింది.

“ఇంట్లో ఈయన కర్ర ముట్టుకోరు డాక్టరుగారూ. నా భుజం పట్టుకుని లేస్తారు, రోజుకి ఇరవైసార్లు. తుంటి బాగానే ఉందంటున్నారు, సంతోషం. నా భుజం ఇంకెన్నాళ్లు ఆగుతుందో అదీ కాస్త చూసి చెప్పండి.”

ఇందాక తొమ్మిది అడుగుల యాత్ర గురించి తెగ గొప్పలు పోయాను కదా? ఆ తొమ్మిది అడుగులూ మోసింది ఆవిడ. నేను ఈ కాలమ్ రాసుకున్నానంతే.

సిగ్గేసింది. మాత్రల సంగతీ, భయం సంగతీ అన్నీ ఒప్పేసుకున్నాను. రెండు రోజులాగి, మాత్రల్లేకుండా మళ్లీ నడిపించారు. బ్రహ్మాండంగా ఫెయిలయ్యాను. రక్తం ఎక్కువ పోవచ్చు, ఎముక విరగొచ్చు, అసలు లేవకపోనూ వచ్చు అని సర్జన్ ఒక్కొక్కటే విడమరిచి చెప్పి, ఆపరేషన్‌కి ఒప్పుకోలు కాగితం ముందు పెట్టాడు.

సంతకం వంకరపోయింది. వయసు వల్లేనని మా ఆవిడతో చెప్పాను. ఆవిడ నమ్మినట్టే తలూపి, అలవాటుగా భుజం ముందుకు పెట్టింది.

నేను కర్ర అడిగాను.