మూత తీస్తే నడిచే కారు

ఆ ఉదయం మెకానిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. రేసు కారుకు తనిఖీ చేయించడం, బావమరిది చేత మూడు చుట్ల అర్హత పరుగు పూర్తి చేయించడం, భోజనం వేళకు ఇంటికి చేరడం. ఈసారీ కారు మధ్యలో ఆగిపోతే గ్యారేజీకి తాళం వేసి మామగారి పరుపుల దుకాణంలో కూర్చుంటానని భార్యకు మాటిచ్చి ఉన్నాడు. ఆ ముచ్చట కళ్లారా చూడాలని మామగారు అందరికంటే ముందే తయారై వ్యానెక్కారు.

తనిఖీ సాఫీగా జరిగింది. అధికారి కారు కిందికి వంగి, పెట్రోలు ట్యాంకు నుంచి వెనక్కి వచ్చిన సన్నటి గొట్టాన్ని టార్చి వేసి చూశాడు.

"గాలి గొట్టం బయటికే పెట్టారు. కారు బోల్తా పడితే మూసుకునే వాల్వు కూడా ఉంది. బాగుంది" అన్నాడు.

మెకానిక్ గర్వంగా మామగారి వైపు చూశాడు. ఆయన ముక్కు మూసుకుని గొట్టం వైపు చూస్తున్నారు.

కారు మొదటి చుట్టు రయ్యిమని తిరిగింది. రెండో చుట్టులో దగ్గి, మూలిగి, ఆగిపోయింది. తోసుకొచ్చి మూత తీసి చూస్తే ట్యాంకులో పెట్రోలు నిండుగానే ఉంది. మీట నొక్కితే బుద్ధిగా స్టార్టయింది. ఎందుకైనా మంచిదని ఫిల్టరు మార్చి పంపాడు. మళ్లీ అదే దగ్గు.

"చవగ్గా దొరికిందని కల్తీ పెట్రోలు పోశావు కదూ బావా?"

"మంచిదే పోశాన్రా! తేడా నీ కాల్లోనే ఉంది. తండ్రీ కొడుకులిద్దరూ కలిసి నన్ను పరుపులమ్మించాలని చూస్తున్నారు!"

"నా మాట వినే కారైతే ఎప్పుడో గెలిచేవాణ్ణి!"

మూత తీశారు, బాగైంది. మూత పెట్టి పంపారు, ఆగింది. పంపు మార్చారు, ప్లగ్గులు మార్చారు. ఒకరినొకరు మార్చుకునే వీలు లేక ఊరుకున్నారు. చూస్తే రోగం ఉండదు, వదిలితే ఉంటుంది. మెకానిక్‌కు ఏడుపొక్కటే తక్కువ. పక్కనే మామగారు దుకాణానికి ఫోన్ చేసి, "కౌంటరు దగ్గర ఇంకో కుర్చీ వేయించండి. కాస్త దిట్టమైంది చూడండి" అని గొంతెత్తి పురమాయిస్తున్నారు.

ఇక ఒక్క అవకాశమే మిగిలింది. మెకానిక్ మరోసారి మూత తిప్పాడు. ఆ క్షణాన మామగారు మంచినీళ్లు తాగుతున్నారు గనక, పొద్దుట్నుంచి వినపడని చప్పుడొకటి వినపడింది. ట్యాంకు ఉస్సుమని గాలి లోపలికి పీల్చుకుంది. మెకానిక్ ఉన్నపళంగా కారు కిందికి దూరాడు. గొట్టం మూతిలో ప్లాస్టిక్ కవరు చుట్టి కుక్కిన స్పాంజి ముక్క కనిపిస్తే బయటికి లాగాడు. పరుపుల్లో వాడే రకం.

"మామయ్యగారూ!"

"నేనే పెట్టాను అల్లుడూ. తనిఖీ ఆయన అటు వెళ్లగానే పెట్టేశా. ఆ కంపేమిటి, పెట్రోలంతా ఆవిరైపోతుంటే చూస్తూ ఊరుకోమంటావా?"

"అది ట్యాంకు ఊపిరి తీసుకునే దారండీ! పెట్రోలు ఖర్చయ్యేకొద్దీ లోపలికి గాలి రావాలి. మూసేస్తే ఇంజిన్‌కు చుక్క దిగదు. ఎండకు ట్యాంకు ఉబ్బి పగిలితే, దాని ముందు కూర్చునేది మీ అబ్బాయే!"

మామగారి మొహం పాలిపోయింది. స్పాంజి ముక్కను జేబులో కుక్కుకుని, కంచె దగ్గరికి వెళ్లి నిలబడ్డారు.

కారు ఒక చుట్టు తిరిగింది. రెండోదీ తిరిగింది. మూడో చుట్టులో గీత దాటేసరికి మామగారు చెప్పులు వదిలేసి గెంతుతున్నారు. వచ్చి అల్లుణ్ణి కావలించుకున్నారు.

"ఇంత మజా ఉంటుందని ఒక్కరూ చెప్పలేదేం! దుకాణం మా అమ్మాయికి అప్పగించేసి రేపట్నుంచి నేనూ గ్యారేజీకే వస్తా. ఆ కారుకింకా మూయాల్సిన కన్నాలు బోలెడున్నాయి."

కారుకు పట్టిన గండం ఆ పూటతో వదిలింది. మెకానిక్‌కు పట్టిన గండం మర్నాడు పొద్దున్నే భోజనం డబ్బాతో సహా గ్యారేజీకి వచ్చింది.