మెథోడీ పెట్టె

కాఫీ తాగి, సిగరెట్టు ఒకటి కాల్చి, మధ్యాహ్నంలోగా లిఫ్టు లెక్క పంపేసి, ఆ తర్వాత తీరిగ్గా మిరపకాయలు కాల్చుకోవాలని ఆ ఉదయం వెలిచ్కా అనుకుంది. దారం మిల్లు మూతపడ్డాక ఉద్యోగాల ఆఫీసువాళ్ళు ఆమెను కంప్యూటరు ప్రోగ్రాములు రాయడం నేర్పే తరగతిలో వేశారు. ఆ పూట లెక్క పంపనివాళ్ళ పేరు కొట్టేస్తారు. యాభై దాటిన మనిషిని ఇంకెక్కడా చేర్చుకోరు.

లెక్క చిన్నదే. లిఫ్టు ఎక్కినవాళ్ళ బరువు కూడుతూ పోవాలి, హద్దు దాటితే గంట మోగాలి. ఆమె రాసినదాంట్లో లిఫ్టు ఖాళీగా ఉన్నా గంట మోగుతోంది. పాఠం చెప్పే బోయానా, కూతురంత పిల్ల, రెండు ఉపాయాలు చెప్పింది. మారే అంకె కోసం కాగితం మీద పెట్టె గీయాలి, దానికి మరచిపోలేని పేరు పెట్టాలి, అంకె మారినప్పుడల్లా పాతది కొట్టేసి కొత్తది రాయాలి. అప్పటికీ తప్పు దొరక్కపోతే ప్లాస్టిక్ బాతునొకదాన్ని ఎదురుగా పెట్టుకుని, రాసిందంతా వరసగా దానికి వివరించి చెప్పాలి.

పెట్టె వరకు వెలిచ్కా సరే అంది. బాతు దగ్గర ఒళ్ళు మండింది.

"మిల్లులో మేస్త్రీకే సంజాయిషీ చెప్పుకోలేదు నేను. ఇప్పుడు బాతుకి చెప్పుకోవాలా?" అంది భర్త కిరిల్‌తో. అతను తనే ఆ బాతును కొన్నట్టు తల దించుకుని పనికి వెళ్ళిపోయాడు.

పెట్టెకు మెథోడీ అని పేరు పెట్టింది. ఎదురింట్లో ఒంటరిగా ఉండే మెథోడీ కాలు పెడితే చాలు, ఆ భవనంలో లిఫ్టు గంట కొడుతుంది. లావుపాటి నల్ల కలంతో పెట్టె గీసి, పైన పేరు రాసి, లోపల అంకెలు వేసి, పాత అంకెల మీద అడ్డంగా, నిలువుగా గీతలు కొట్టింది. చివరికి కొట్టివేతలు పడకుండా మిగిలింది డెబ్భై ఒకటి. ఇంట్లో కొత్తగా వేసిన గోడకాగితం మీద కిరిల్ ఏదీ అంటించనివ్వడు. అందుకని మెట్ల దగ్గర, తాను సిగరెట్టు కాల్చే పీటకు ఎదురుగా, మెథోడీ తలుపు పక్కన అంటించి వచ్చింది.

తలుపు పక్కన నల్ల అంచు కాగితం ఎందుకు పెడతారో బల్గేరియాలో పుట్టినవాళ్ళెవరికీ చెప్పక్కర్లేదు. పోయినవాడి పేరు, వయసు, ఒక శిలువ. వెలిచ్కాకూ తెలుసు. కానీ ఆ పూట ఆమె బుర్రలో లిఫ్టు తప్ప ఏమీ లేదు.

కాసేపటికి కింది అంతస్తు త్సోంకా అవ్వ గుమ్మంలోకి తొంగి చూసింది.

"ఏమే అమ్మాయ్, మెథోడీ సంగతి నిజమేనా?"

"ఏం చెప్పను అవ్వా," అంది వెలిచ్కా తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "పొద్దున్నుంచీ మెథోడీ పెట్టెతోనే చస్తున్నా. మధ్యాహ్నంలోగా పంపించేస్తే నా బరువు దిగుతుంది."

అవ్వ శిలువ గుర్తు వేసుకుని దిగిపోయింది.

ఆ తర్వాత తలుపు ఊరుకోలేదు. ఒకామె కుర్చీలు అడిగింది, ఒకాయన పెద్ద గిన్నె అడిగాడు. ఎందుకో ఎవరూ చెప్పరు, కబురు ఆమె ఇంటినుంచే వచ్చిందని అందరి నమ్మకం. మూడోసారి తలుపు తీస్తే ఎదురింటి గుమ్మానికి నల్ల రిబ్బను, పూలు, చావింట పంచే తీపి గోధుమల గిన్నె. అంటే మెథోడీ పోయాడన్నమాట. మొన్న టమాటాలు ఇచ్చిన మనిషి. కళ్ళు తుడుచుకుంది, ఆ వెంటనే కోపమొచ్చింది. గోడకవతల మనిషి పోతే తనకు ఆఖరున తెలియడమేమిటి? అదేమాట అవ్వను అడిగితే, దుఃఖంలో మతి చలించిందని అవ్వ ఆమె వీపు నిమిరింది.

చర్చి ఫాదరు వచ్చి ధూపం వేసి ప్రార్థన అందుకున్నాడు. సరిగ్గా అప్పుడు, పల్లెనుంచి మిరపకాయల బస్తా మోసుకుంటూ, లిఫ్టు మీద అలిగి మెట్లెక్కి, మెథోడీ వచ్చాడు.

అతను బస్తా దించి, కాగితం చదివి, ముందు ఎర్రబడింది వయసు దగ్గర.

"డెబ్భై ఒకటా? నాకు అరవై ఎనిమిది. ఎవడు రాశాడిది?"

వెలిచ్కా తన దస్తూరీ అప్పుడు చూసింది. మెట్లనిండా ఉన్న జనం ఆమెను చూశారు. తెరిచిన తలుపులోంచి కనిపించే గోడ గడియారంలో పన్నెండు కావస్తోంది.

"అది నువ్వు కాదన్నా, అంకె దాచుకునే పెట్టె. జనం లిఫ్టు ఎక్కుతారు, మెథోడీ పెరుగుతాడు. ఇంకొకళ్ళు ఎక్కుతారు, ఇంకా పెరుగుతాడు. హద్దు దాటితే గంట. వాళ్ళు దిగిపోతారు, అప్పుడు మెథోడీ..."

ఆగిపోయింది.

"అప్పుడు మెథోడీ ఏమవుతాడమ్మా?" అన్నాడు ఫాదరు, ధూపం పట్టుకునే.

"ఏమీ కాడు. నేను తగ్గించలేదు. దిగినవాళ్ళ బరువు తీసెయ్యాలి, తీయలేదు."

"నేనెందుకే తగ్గాలి?" అన్నాడు మెథోడీ. "చంపారు, మూడేళ్ళు పెంచారు, ఇప్పుడు లావంటారా?"

అతని కోపం సగంలో ఉండగానే వెలిచ్కా లోపలికి పరుగెత్తి, ఒక్క వరస రాసి, గంట మోగడం ఆగిందని చూసుకుని, పన్నెండుకు ముందే పంపేసింది. ఆమె తిరిగి వచ్చేసరికి మెథోడీ మెట్ల మీద కూర్చుని తన ఆత్మశాంతికి వండిన గోధుమలు తింటున్నాడు, తీపి చాలలేదని అవ్వను తిడుతూ.

సాయంత్రం బోయానా ఫోను చేసి మెచ్చుకుంది, బాతు పనిచేసిందా అని అడిగింది. బాతు దొరకలేదు, చచ్చిపోయినాయనకు చెప్పాను, అంది వెలిచ్కా.