జోగులమ్మ వంటింటి కింద గొంతు

ఆ ఆదివారం పొద్దున్న రామనాథం మాస్టారు పెట్టుకున్న పని చాలా చిన్నది. పెరట్లో గుంట తీసి కొత్త రోలు పాతాలి. ఆ తరవాత అరుగు మీద కూర్చుని కొండల మీద విడుతున్న మంచును బొమ్మ గీసుకోవాలి. పంతొమ్మిదివందల ఇరవై ఆరో సంవత్సరం, మార్గశిరం. ఆయన నర్సీపట్నం బళ్ళో డ్రాయింగు మాస్టారు. మంచివాడే గాని, ఎదుట ఉన్న వస్తువు కన్నా దాని నీడను ఎక్కువసేపు చూసే రకం. భార్య వరలక్ష్మమ్మ పక్కింటికి వినబడుతుందేమోనని పిల్లిని కూడా మెల్లిగా అదిలించే మనిషి.

"ఏమండీ, మినప్పప్పు నానబోశాను. ఇవాళైనా రోలు పాతుతారా?" అందామె.

గుంట అనుకున్న దానికన్నా సులువుగా దిగింది. మాస్టారు రోలును దొర్లించి అందులో నిలబెట్టాడు. రోలు ఒక్క క్షణం నిలబడి, ఏదో నిర్ణయించుకున్నట్టు నేలలోకి వెళ్ళిపోయింది. కాసేపటికి లోపలెక్కడో ధబ్బుమంది.

"ఏటండీ ఆ చప్పుడు?"

"రోలు."

"ఏదీ, ఎక్కడ?"

"కిందికెళ్ళింది," అన్నాడు మాస్టారు, చుట్టం ఊరెళ్ళిన సంగతి చెబుతున్నట్టు.

ఆ వీధి కింద ఎప్పుడో ఒక కంపెనీ గనులు తవ్వించింది. లాభం లేదని వదిలిపెట్టి పోయింది. పైన గడ్డి మొలిచింది, గడ్డి మీద ఇళ్ళు లేచాయి. గని సంగతి తెలిసిన ముసలివాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఇప్పుడా వీధిలో ఎవరిని అడిగినా, కింద ఉన్నది భూమే అని చెబుతారు.

వరలక్ష్మమ్మ నిచ్చెన తెచ్చింది. మాస్టారు లాంతరు పట్టుకుని దిగాడు.

కింద మరో లోకం. గోడలు కాకి రెక్కలా నల్లగా నిగనిగలాడుతున్నాయి. వేలు తాకిస్తే వేలు నల్లబడింది. పెన్సిళ్ళలో వేసే రాయి! జీవితమంతా పెన్సిలు ముక్కలు పొదుపుగా వాడుకున్న మనిషి ఒక పెద్ద పెన్సిలు కడుపులో నిలబడి ఉన్నాడు. ముందుకు నడుస్తుంటే తల మీద ఇళ్ళు ఒక్కొక్కటే దాటిపోతున్నాయి. ఒకచోట మజ్జిగ చిలుకుతున్న చప్పుడు. ఒకచోట ఎవరో తల్లి జోలపాట. అన్నీ నీళ్ళలోంచి వస్తున్నట్టు మెత్తగా వినబడుతున్నాయి. దారిలో తెల్లరాయి ఒకటి కనబడితే, నల్లముక్క ఏరి దాని మీద కొంగ బొమ్మ గీశాడు. రోలు మాట పూర్తిగా మరిచిపోయాడు.

కొంగకు రెండో కాలు గీస్తుండగా తల మీద మట్టి రాలింది. పైన ధుమ్, ధుమ్మని దంపుడు. చెరుకు రైతు సింగన్న ఇల్లది. అతని భార్య జోగులమ్మ వంటింట్లో వడ్లు దంచుతోంది. ఆ వంటింటిని మోస్తున్న దూలాలను చెదలు ఎప్పుడో తినేశాయి. రోకలి పోటు పడ్డప్పుడల్లా అవి ఊగుతున్నాయి. మాస్టారికి కల చెదిరింది.

"దంచకండి! అమ్మా, దంచకండి!" అని అరిచాడు.

ఆ సొరంగానికి ఒక దుర్గుణం ఉంది. మాట నడుమ ఉన్న 'క'ను అది మింగేస్తుంది. జోగులమ్మకు నేలలోంచి గంభీరంగా వినబడింది: "దంచండి! అమ్మా, దంచండి!"

"ఓలమ్మో! అమ్మోరు! మావా, బేగి రా! మన గచ్చులోంచి అమ్మోరు మాటాడతంది!" అని కేకవేసి, ఆజ్ఞ ప్రకారం మరింత గట్టిగా దంచడం మొదలుపెట్టింది.

సింగన్న వచ్చాడు. కేక విన్న వీధంతా వచ్చింది. పైన పెరుగుతున్న అడుగుల చప్పుడు విని మాస్టారు రెండు చేతులూ పైకెత్తాడు. "లోపలికి రాకండి!" అన్నాడు. "లోపలికి రాండి!" అన్నది నేల. గుమ్మంలో వెనకాడుతున్నవాళ్ళు కూడా లోపలికి వచ్చేశారు. ఎవరో కొబ్బరికాయలు తెచ్చారు. "కొట్టకండి!" అని కింద మొత్తుకున్నాడు. పైన అందరూ ఒక్కసారిగా కొట్టారు.

మాస్టారు వెనక్కి పరుగెత్తబోయాడు. వచ్చిన దారికి అడ్డంగా మట్టి దిబ్బ కూలింది. ఇక తను గీసిన కొంగే తనకు తోడని తెలిసింది. పైనున్న పాతికమంది తన మీద పడతారన్నది కూడా తెలిసింది. ఏం చేయాలో తోచక, అల్లరి క్లాసును చూస్తే నోటికొచ్చే మాటే వచ్చింది: "సైలెన్స్!"

"అమ్మోరు దొరల బాస కూడా నేర్సింది," అన్నాడు సింగన్న చేతులు జోడించి.

మొగుడు ఎంతకీ పైకి రాక, గోల విని వచ్చిన వరలక్ష్మమ్మ గుమ్మంలో ఆ కేక వింది. లోపలికి అడుగేసింది.

"అది మా ఆయన గొంతండీ! ఈ నేల కింద గొయ్యుంది! అందరూ బైటికి రండి!"

"సాల్లే మేస్టారమ్మా, అమ్మోరి మాటని నీ పెనిమిటి మాటంతావేటి? కళ్ళు పోతాయి," అంది జోగులమ్మ.

గచ్చు మీద సన్నటి బీట ఒకటి పొయ్యి దాకా పాకుతోంది. వరలక్ష్మమ్మ దాన్ని చూసింది. మరుక్షణం కొప్పు ఊడదీసింది. కళ్ళు పెద్దవి చేసి, ఏ పిల్లీ ఎన్నడూ వినని గొంతుతో అరిచింది:

"ఒరే సింగా! నన్ను వంటింట్లో మసిలో పెడతావురా? వీధిలో మావిడాకుల పందిరెయ్యండి! అక్కడే పలుకుతాను! ఒక్కడు లోపలున్నా వంశం ఉంచను! లెగండి, బేగి!"

జనం ఒకరి మీద ఒకరు పడుతూ వీధిలోకి పరుగెత్తారు. జోగులమ్మ ఒక్కర్తే పొయ్యి మీది కూర దింపుతానని తిరిగి వెళ్ళబోయింది. వరలక్ష్మమ్మ ఆమె జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చింది. వాళ్ళు గడప దాటారో లేదో వంటిల్లు పొయ్యితో సహా నేలలోకి దిగిపోయింది.

దుమ్ము అణిగింది. వరలక్ష్మమ్మ గడప పట్టుకుని నిలబడింది. పూనకం పోయి గుంటలోకి తొంగిచూసింది. "ఏమండీ!" అని పిలిచింది. అప్పుడు ఆ మట్టి దిబ్బ మీదుగా నల్లగా, తళతళలాడుతూ ఒక ఆకారం పైకి పాకింది. కళ్ళూ పళ్ళూ మాత్రం తెల్లగా ఉన్నాయి. జనం సాష్టాంగపడ్డారు.

"దండాలు పెట్టకండి! నేను డ్రాయింగు మాస్టార్ని," అన్నాడు సొరంగం మూల ఒదిగి బతికిపోయిన రామనాథం.

ఈసారి 'క' స్పష్టంగా వినబడింది. అయినా ఎవరూ లేవలేదు.

తాలూకా కచేరీ నుంచి మనుషులొచ్చి, గునపాలతో పొడిచి చూసి, వీధి ఖాళీ చేయమన్నారు. అందరూ బజారు వైపు ఇళ్ళకు మారారు. గని సంగతంతా మాస్టారు ఇంటింటికీ తిరిగి బొమ్మలు గీసి మరీ చెప్పాడు. అందరూ ఒప్పుకున్నారు. కింద పలికింది మాస్టారే అన్నారు. కాని పైన పలికింది మాత్రం అమ్మవారేనట. లేకపోతే అంతమంది ప్రాణాలెలా దక్కుతాయి? జోగులమ్మ జుట్టు చూపించి మరీ సాక్ష్యం చెప్పింది.

శుక్రవారం తెల్లవారేసరికి నాతవరం నుంచీ కోటవురట్ల నుంచీ బళ్ళు వచ్చాయి. పసుపూ కుంకుమా పట్టుకుని ఆడవాళ్ళు వరలక్ష్మమ్మ కొత్త గుమ్మం ముందు వరస కట్టారు. మొదట్లో ఆమె కాదని ఏడ్చింది. తరవాత, కోడలిని కొట్టే ఒక అత్తగారిని గదిమి చూసింది. అది పనిచేసింది.

అప్పట్నుంచీ శుక్రవారాల్లో మాస్టారు అన్నం వడ్డించమని అడగడానికైనా వరసలోనే రావలసి వచ్చేది.