పరుపు మీద శోకాలు

రాజయ్య భార్య చనిపోతే సొంత చెల్లెలు పోచమ్మ రాలేదు. లింగంపల్లి నుంచి గోపన్‌పల్లికి ఆటో ఎక్కితే చాలు. అయినా రాలేదు. అది తప్పు. రాజయ్య లెక్కలో ఆ విచారణ ముగిసింది.

ఆయన పైవాటాలో ఒక రాక్ బ్యాండ్ కిరాయికి ఉంటోంది. ముగ్గురూ ఐటీ ఉద్యోగులే. వర్షిత పాడుతుంది, సాయిచంద్ గిటారు, బాలు డ్రమ్స్. వాళ్ల మొదటి ఆల్బమ్‌ను చుట్టాలు కూడా పూర్తిగా వినలేదు. రెండో ఆల్బమ్‌లో ఆఖరి పాట ఆ సాయంత్రంలోగా పంపకపోతే పాటల కంపెనీ వాళ్లను వదిలేస్తుంది. ముగ్గురూ సెలవు పెట్టి పొద్దున్నే పనిలోకి దిగారు.

అడుగుల చప్పుడు మైకులో పడకూడదని, తోడు వచ్చిన స్నేహితులతో సహా అందరి చెప్పులూ గేటు బయట విడిపించారు. కిర్రుమనే కుర్చీలను వాకిట్లో వేశారు. డ్రమ్స్ మోతకు అడ్డుగా ఒక పరుపును చుట్టి, తెల్ల దుప్పటి కప్పి గది మధ్యలో పెట్టారు.

"తాతా, జర ఫోన్ బంద్ చేస్తరా? మోగితే పైదాంక ఇనబడ్తది," అని వర్షిత బతిమాలింది.

"నాకెవరు చేస్తరు?" అంటూ రాజయ్య ఫోన్ ఆపి, చెవుల్లో దూది పెట్టుకుని పడుకున్నాడు.

ఆ పాటలో డ్రమ్ము దెబ్బ ఆగి ఆగి పడాలి. దాని మీద వర్షిత మాటల్లేకుండా దీర్ఘంగా రోదించాలి. మధ్యాహ్నం దాటినా అది కుదరలేదు.

"టీమ్ మీటింగ్‌ల మాట్లాడినట్టుంది," అన్నాడు సాయిచంద్.

"ఇంకొక్కసారి ఆ మాటంటే నిజంగనే ఏడుస్త."

రాజయ్యకు చిన్నా చితకా పనులు చేసిపెట్టే తిరుపతి వీధిలో పోతూ ఆగాడు. గేటు ముందు చెప్పుల కుప్ప. వాకిట్లో కుర్చీలు. లోపల సావుడప్పు, ఆడమనిషి ఏడుపు. రాజయ్యకు ఫోన్ చేస్తే స్విచాఫ్. వెంటనే పోచమ్మకు చేశాడు.

కాసేపట్లో కుర్చీలు నిండాయి. ఎవరో పూలదండ తెచ్చారు.

"నోరు మంచిది కాదు గని, మనిషి మంచోడు," అన్నాడొకడు.

"ఎప్పుడు?" అన్నాడు ఇంకొకడు.

ఆటో దిగిన పోచమ్మ డప్పు వినిపించిన వైపు మెట్లెక్కింది. తలుపు తోసి తెల్ల దుప్పటి మీద పడింది.

"ఓ అన్నా! వదినె సస్తే కబురన్న పంపకపోతివి! దినాలైనంక ఊరోళ్లు చెప్తే తెలిసె! ఏ మొకం పెట్టుకొని రావాలె అన్నా!"

బాలు చేతిలో పుల్లలు ఆగిపోయాయి. "మామ్మగారూ... అది పరుపండి."

ఆమె వినలేదు. ఆ శోకం గోడలు దాటి, దూది కూడా దాటింది. రాజయ్య పైకి వచ్చాడు. వెనకాలే ఊరు.

"ఎవరే సచ్చింది?"

పోచమ్మ కెవ్వుమంది. ఆ తర్వాత దిండు తీసి అన్నను కొట్టింది.

రాజయ్య తిరుపతి వైపు తిరిగాడు. "కబురు చెప్పుమని నీకే గదరా అన్న?"

"నువ్వు చెప్పుమనలే, బాపు. 'దానికి చెప్పొద్దు, తనంత తనే రావాలె' అన్నవ్."

సాయిచంద్ రికార్డింగ్ యంత్రం మీద ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది.

"అమ్మా," అంది వర్షిత మెల్లగా, "మీ ఏడుపు మా పాటల పెట్టుకోవచ్చా?"

"పెట్టుడు లేదు!" అన్నాడు రాజయ్య.

"ఏడ్సింది నేను," అంది పోచమ్మ ముక్కు తుడుచుకుని. "పెట్టుకో బిడ్డా."

పాట సాయంత్రానికి వెళ్లింది. ఇప్పుడు నల్లగండ్ల దాకా పిల్లల ఫోన్లలో మోగుతోంది. ఆ పాటలో తిరుపతి జవాబు కూడా స్పష్టంగా వినిపిస్తుంది. చెల్లెలు రాని సంగతి మాత్రం ఇక జన్మలో ఎత్తనని రాజయ్య తేల్చి చెప్పాడు.