మూడు సెకండ్ల క్రమశిక్షణ

మార్చి ముప్పై ఒకటో తేదీ దాటాక జిల్లాలో భయపడే పిల్లలు ఒక్కరు కూడా ఉండరాదని 1982 ఫిబ్రవరిలో మంత్రిగారు ప్రకటించారు. భయానికి ఇంత కచ్చితమైన గడువు అంతకుముందు ఏ ప్రభుత్వమూ పెట్టలేదు. మడకశిర దగ్గర ఒక హైస్కూల్లో డ్రాయింగు మాస్టరునైన నేను ఎంతో గర్వపడ్డాను.

మా బడికి ఈ పథకం అవసరం ఉంది. కిందటేడు పంచాయతీ ఎన్నికలప్పుడు రెండు పార్టీల ఊరేగింపులు సరిగ్గా మా గేటు ముందే ఎదురుపడ్డాయి. నాటుబాంబులు పడుతుంటే, పిల్లలు బయటికి పోకుండా గేటు మూయబోయిన అటెండరు లక్ష్మన్న అక్కడే చనిపోయాడు. ఆయన కూతురు తిప్పమ్మ ఆరో తరగతి కిటికీలోంచి చూసింది. బాంబులు ఎవరు వేశారో పోలీసులు ఓపికగా వెతుకుతున్నారు.

అప్పటినుంచి లారీ టైరు పేలినా, డస్టరు జారిపడినా పిల్లలంతా బెంచీల కింద దూరతారు. మూడేళ్లుగా వాన లేదు కనుక ఉరుముల బాధ లేదు. ఆ మేరకు కరువు మాకు మేలు చేసింది.

మిగతా పిల్లలు కాసేపటికి బయటికొస్తారు. తిప్పమ్మ సాయంత్రం దాకా రాదు.

"ఇంట్లో గూడా మంచం కిందే పండుకుంటాది అయివారూ. కూడు గూడా ఆడికే పెడతాండా. యాడన్నా పెద్దాస్పత్రిలో చూపిచ్చాల" అంది వాళ్లమ్మ రామక్క.

నేను అర్జీ రాశాను. విచారణకు ఆఫీసరు వచ్చారు. ఆయన రిజిస్టరు టేబులు మీద పడేయగానే నలభైమంది పిల్లలు మాయమయ్యారు. ఆయన వాచీ చూసుకున్నారు.

"మూడు సెకండ్లు. పోలీసు ట్రైనింగులో కూడా ఇంత క్రమశిక్షణ లేదు."

"సార్, అది భయం."

"ఈ ఫారంలో భయం కాలమ్ లేదు మాస్టారూ. క్రమశిక్షణ కాలమ్ ఉంది."

"ఆ పాప ఇంకా బయటికి రాలేదు సార్."

"పట్టుదల" అని రాసుకున్నారు.

ఆస్పత్రి చీటీ రాలేదు. తిప్పమ్మకు క్రమశిక్షణలో జిల్లా ప్రథమ బహుమతి వచ్చింది.

దాన్ని ఇవ్వడానికి మంత్రిగారే స్వయంగా వచ్చారు. ఊళ్లో ఆయన పనులన్నీ చూసే శ్రీరంగప్ప, స్వాగతంగా గేటు దగ్గర టపాకాయలు కాల్పించాడు. పిల్లలు మూడు సెకండ్లు కూడా తీసుకోలేదు. ఖాళీ బెంచీలను చూసి మంత్రిగారు చప్పట్లు కొట్టారు.

తిప్పమ్మ పేరు మూడుసార్లు పిలిచారు. రాలేదు. మంత్రిగారు నిగర్వి. పైగా ఫోటోగ్రాఫరు ఉన్నాడు. స్టీలు టిఫిన్ బాక్సు పట్టుకుని, పంచె ఎగ్గట్టి, బెంచీ కిందికి వంగారు.

తిప్పమ్మ బాక్సు తీసుకోలేదు. ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. పక్కకు జరిగి చోటిచ్చింది.

"తలకాయ దించు సార్. ఇంకోటి పడతాది."

మంత్రిగారి ముఖంలో రంగు మారింది. ఆ పిల్ల పక్కనే ముడుచుకు కూర్చున్నారు. కాసేపటికి తల మాత్రం బయటపెట్టి, శ్రీరంగప్పను దగ్గరికి పిలిచి, మెల్లగా అడిగారు.

"ఏమప్పా, ఇంకోటి ఉండాదా?"

"లేదన్నా. ఎలక్షన్లకు తెచ్చినవన్నీ ఆ పొద్దే ఏసేస్తిమి."

మంత్రిగారు నిశ్చింతగా లేచి, మోకాళ్ల దుమ్ము దులుపుకున్నారు.