తలుపు వెనక అల్లుడు

ఆ ఆదివారం పొద్దున్న డ్రాయింగ్ మాస్టారు పెట్టుకున్న పని చాలా చిన్నది. భోజనానికి అత్తగారు వస్తున్నారు. ఆవిడ వచ్చేలోగా బంగాళాదుంప కూర తన చేత్తో వండిపెట్టాలి. ఈ ఫ్లాటు చూసిన రోజే ఆవిడ, "మరీ అగ్గిపెట్టెలా ఉంది, వద్దు బాబూ" అన్నారు. "ఇరుకేమిటండీ, నిలబడ్డచోటికే అన్నీ చేతికందుతాయి" అని మాస్టారు పట్టుబట్టి మరీ దిగారు.

అందడం నిజమే. కాకపోతే ఆ వంటగదిలో సొరుగు లాగాలంటే ముందు తలుపు మూయాలి. తలుపు తీయాలంటే ముందు సొరుగు నెట్టాలి.

కూర పొయ్యిమీద పడేసి, గరిటె కోసం మాస్టారు తలుపు మూసి సొరుగు లాగారు. అది సగం దాకా వచ్చి ఆగింది. లోపల గరిటె నిక్కబొడుచుకుని పైచెక్కకి తన్నింది. ఇక ముందుకూ రాదు, వెనక్కీ పోదు. సందులో చెయ్యి దూరదు. సరిగ్గా అప్పుడే హాల్లో అత్తగారి గొంతు వినిపించింది.

"ఏమండీ, అమ్మ వచ్చింది. ఓసారి బయటికి రండి" అని పిలిచింది భార్య.

మాస్టారు సొరుగుని ఇంకోసారి గుంజారు. ఈ వంటగదిలో ఇరుక్కుపోయానని ఆవిడతో ఏ మొహం పెట్టుకుని చెప్తారు?

"ఇప్పుడు కుదరదు" అన్నారు ముక్తసరిగా.

భార్య తలుపు తోసింది. అది వెళ్లి సొరుక్కి కొట్టుకుంది. "తొయ్యకు! ఎవరూ లోపలికి రావద్దు!" అని అరిచారు.

బయట గుసగుసలు మొదలయ్యాయి.

"అలిగినట్టున్నారే. నేనేమన్నానని?"

"పొద్దున బానే ఉన్నారమ్మా. నువ్వొచ్చావని తెలిశాకే..."

ఈలోగా మాస్టారు పొయ్యి సంగతే మరిచి సొరుగుతో కుస్తీ పడుతుంటే, కలిపే దిక్కులేక కూర అడుగంటింది. పొగకి మాస్టారి ముక్కు కారింది, గొంతు పట్టేసింది. తలుపవతల అది అచ్చం ఏడుపులాగే వినిపించింది.

అత్తగారి మనసు కరిగిపోయింది. "తప్పు నాదే బాబూ! పోయినసారి మీ కూర అమృతంలా ఉందని చెప్పి, మీరటు తిరగ్గానే కవర్లో పోసి చేతిసంచిలో దాచేశాను. మీకెలాగో తెలిసిపోయింది. క్షమించండి!"

మాస్టారికి అప్పటిదాకా తెలియదు.

"నేనూ అంతేనండీ!" భార్య కూడా బావురుమంది. "మీరు కట్టిచ్చే డబ్బా ఆఫీసు గేటు దగ్గర కుక్కకి పెట్టేస్తున్నాను. మొన్నట్నించి అదీ తినట్లేదు!"

ఏడుపులూ పొగా కలిసి పక్కింటాయన్ని పరుగున రప్పించాయి. లోపల మనిషి ఏ అఘాయిత్యం చేసుకుంటున్నాడోనని ఆయన భుజంతో తలుపునొక్క కుమ్ము కుమ్మారు. ఆ దెబ్బకి గరిటె దానంతటదే పడుకుంది. సొరుగు లోపలికి పోయింది. పక్కింటాయన నేరుగా మాస్టారి కౌగిట్లో పడ్డారు. ఆ గదిలో పడడానికి వేరే చోటు లేదు.

"నేనలగలేదండీ" అన్నారు మాస్టారు తల దించుకుని. "సొరుగులో గరిటె అడ్డం పడింది."

"గరిటా?" అన్నారు అత్తగారు నీరసంగా.

ఎవరి కళ్లలోకి ఎవరూ చూడలేదు. మాడిన కూర బల్లమీదికొచ్చింది. అత్తగారు అడక్కుండానే మారు వడ్డించుకున్నారు. భార్య గిన్నె గీకి మరీ వేసుకుంది. వద్దని ఇద్దర్నీ ఆపే ధైర్యం మాస్టారికి లేదు.

ఆ పూట ఆ ఇంట్లో తలెత్తుకుని భోంచేసింది పక్కింటాయన ఒక్కరే.