పదకొండింటికి పడిపోవలసిన మనిషి

ఆఫీసులో మనుషుల ప్రాణాలు క్షేమంగా ఉండాలంటే ముందు చేయవలసిన పని ఒక్కటే. ప్రథమ చికిత్స పెట్టెకి తాళం వేయాలి!

నవ్వకండి. ఈ మాట ఊరికే అనడం లేదు. నీటి పంపులు తయారుచేసే మా కంపెనీలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను. ఆరేళ్లుగా అత్యవసర వైద్య సన్నద్ధత కమిటీకి కన్వీనర్ని కూడా. ఈ ఆరేళ్లలో మా పెట్టెలోంచి ఒక్క మాత్ర, ఒక్క దూది ముక్క బయటికి పోలేదు. ఇంతకంటే ఆరోగ్యవంతమైన ఆఫీసు ఎక్కడైనా ఉంటుందా?

మొన్నామధ్య డ్రాయింగ్ సెక్షన్ కుర్రాడికి కట్టర్‌తో వేలు తెగింది. ఫారం నింపాడు. సెక్షన్ హెడ్ సంతకం పెట్టాడు. ఇక తాళంచెవి ఉండే స్టోర్సు ఆఫీసరుగారి సంతకం కావాలి. అసలు తెగిందో లేదో తేల్చడానికి ఆయన ఆ కుర్రాడి వేలుని వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూశారు. ఆ సంతకం అయ్యేసరికి గాయం దానంతటదే ఎండిపోయింది. చూశారా! మందు లేకుండా వైద్యం! ఇది తాళం మహిమ కాదూ?

దగ్గర్లోని ఆసుపత్రి అంబులెన్సు నంబరు కూడా మా దగ్గర భద్రంగా ఉంది. గోడమీద అంటిస్తే ఎవరో ఒకరు పెన్నుతో గీతలు గీస్తారని పెట్టె మూతకి లోపలివైపు అంటించాం.

స్ట్రెచర్ సంగతి చెప్పనే లేదు. కొన్నది ఊరికే ఉంచడం ఇష్టంలేక స్టోర్‌రూములో పెట్టి దానిమీద పాత ఫైళ్లు పేర్చాం. రెండు వందల ఫైళ్లు మోస్తూ అయిదేళ్లుగా కిక్కురుమనలేదు. మనుషులు దానికి ఒక లెక్కా?

ఇంత చేశాక, ఆపద వస్తే ఏం చేస్తామో నటించి చూపే డ్రిల్ పెట్టకపోతే ఎలా? హెడ్డాఫీసు నుంచి ముఖ్య అతిథి వస్తారన్నారు. ఒకరికి గుండెపోటు, ఒకరికి కాలు బెణుకు రావాలని కమిటీ తీర్మానించింది. గుండెపోటు ఎవరికి ఇవ్వాలన్నదానిమీద రెండు మీటింగులు జరిగాయి. "అది కాస్త హోదా ఉన్న జబ్బయ్యా, జూనియర్లకి ఇస్తే బావుండదు" అన్నారు మేనేజరుగారు. సీనియారిటీ లిస్టు తీశారు. గుండెపోటు నాకొచ్చింది. కాలు బెణుకు టైపిస్టుకి పోయింది. పాపం, ఆ అమ్మాయి రెండు రోజులు నాతో మాట్లాడలేదు!

మా ఆవిడకి మాత్రం ఈ గౌరవం అర్థం కాలేదు. "వారం నుంచీ రెండు మెట్లెక్కితే ఆయాసపడుతున్నారు. ముందు డాక్టరుకి చూపించుకోండి. ఆ నాటకాలు తర్వాత ఆడుకోవచ్చు" అంది.

"డ్రిల్ అవనీవోయ్. కన్వీనర్ని నేనే సెలవు పెడితే ఏం బావుంటుంది?" అన్నాను.

కార్యక్రమం నిమిషాలతో సహా ముద్రించి అందరికీ ఈమెయిల్ చేశాం. పది యాభై అయిదుకి అతిథి రాక. పదకొండింటికి నేను పడిపోవడం. పదకొండూ రెండుకి ఫొటో. హాల్లో చాప కూడా పరిచాం, నా చొక్కా మాయకుండా.

పదీ ముప్ఫై అయిదుకి నాకు ఛాతీమీద ఎవరో కూర్చున్నట్టు అనిపించింది. ఎడమ చెయ్యి లాగేసింది. ఒళ్లంతా చెమట. రెండడుగులు వేసి పడిపోయాను. అదీ చాపమీద కాదు.

"సార్! సార్! ఇంకా ఇరవై అయిదు నిమిషాలుంది!" అన్నాడు డ్రాయింగ్ కుర్రాడు.

"చాప అటుంది సార్" అంది టైపిస్టు.

మేనేజరుగారు వంగి చూసి మురిసిపోయారు. "అబ్బబ్బా, చెమట కూడా తెప్పించాడయ్యా! ఇదిగో, ఇప్పుడే అంతా చేసేస్తే అతిథి వచ్చాక ఓపిక ఉండదు. కాస్త దాచుకో."

"నిజం... నిజంగానే..." అన్నాను.

"ఈ డైలాగు స్క్రిప్టులో లేదే!" అన్నారెవరో. నలుగురు చప్పట్లు కొట్టారు. పాఠకులారా, ఇరవై రెండేళ్ల సర్వీసులో నాకు దక్కిన మొదటి చప్పట్లు అవే! ఆనందించే ఓపిక లేకపోయింది. మా ఆవిడ మొహం కళ్లముందు కదిలింది. చచ్చేంత భయం వేసింది.

అప్పుడు బకెట్‌తో వచ్చింది పిన్ని. పిన్ని అంటే మా ఆఫీసు నేల తుడిచే ఆవిడ. కాంట్రాక్టరు మనిషి కాబట్టి ఆవిడకి ఈమెయిల్ లేదు. ఈమెయిల్ లేదు కాబట్టి డ్రిల్ సంగతి తెలియదు. ఫొటోల్లో బకెట్ పడుతుందని ఆ పూట హాల్లోకి రావద్దని మాత్రం చెప్పాం. ఎందుకో చెప్పలేదు.

"అయ్యయ్యో! ఏంటండీ అందరూ బొమ్మల్లా నిలబడ్డారు? మనిషి మొహం పాలిపోయింది, కనబడట్లేదా?"

"పిన్నీ, అది నటన. నువ్వు బయటికెళ్లు" అన్నారు మేనేజరుగారు.

"నటనా?" పిన్ని నా చెయ్యి పట్టుకు చూసింది. "మా ఆయన కూడా ఇలాగే చల్లబడ్డాడు బాబూ. గ్యాసేమో, అదే తగ్గుతుందిలే అనుకుని నేను అంట్లు తోముకుంటూ కూర్చున్నా." మరుక్షణం లేచి అరిచింది. "అంబులెన్సుకి ఫోను చెయ్యండి!"

"నంబరు పెట్టెలో ఉంది. తాళంచెవి స్టోర్సు సారు దగ్గర. ఆయన అతిథిని తీసుకురావడానికి వెళ్లారు" అన్నాడు డ్రాయింగ్ కుర్రాడు.

పిన్ని కొంగున కట్టుకున్న ఫోను తీసింది. ఆయన పోయినప్పటి నుంచీ ఆ నంబరు ఆవిడ ఫోనులోనే ఉందట. నన్ను గోడకి ఆనించి కూర్చోబెట్టి చొక్కా గుండీలు విప్పింది. స్టోర్‌రూములోకి పరుగెత్తింది. కాసేపటికి రెండు వందల ఫైళ్లు నేలమీద పడ్డ చప్పుడు వినిపించింది.

"స్ట్రెచర్ ఇటు నువ్వు పట్టుకో నాయనా! చూస్తావేం, ఎత్తు!" అంది. ఎవరితోనో కాదు, మేనేజరుగారితో. ఆయన ఎత్తారు! ఆ ఆఫీసులో ఆయన స్వయంగా ఏదైనా మోయడం అదే మొదలు.

నన్ను అంబులెన్సులోకి ఎక్కిస్తుంటే ముఖ్య అతిథిగారి కారు గేటు దగ్గర ఆగింది. ఆయన దిగి వాచీ చూసుకున్నారట. "టైముకంటే ముందే మొదలుపెట్టారే! అంబులెన్సు కూడా నిజందే! శభాష్!" అని మేనేజరుగారి చెయ్యి ఊపేశారట. మాకు ఉత్తమ సన్నద్ధత షీల్డు వచ్చింది.

ఇంకో అరగంట ఆలస్యమైతే ఏమీ చేయలేకపోయేవాళ్లమని డాక్టరు మా ఆవిడతో చెప్పాడు. ఆవిడ నన్ను తిట్టలేదు. మంచం పక్కన కూర్చుని ఏడ్చింది. తిట్టినా బావుండేది.

నెలన్నర తర్వాత ఆఫీసుకి వెళ్తే నా బల్లమీద రెండు కాగితాలున్నాయి.

మొదటిది పిన్నికి మెమో. అనుమతి లేకుండా హాల్లోకి వచ్చినందుకు, ఫైళ్లు చిందరవందర చేసినందుకు పనిలోంచి ఎందుకు తీసేయకూడదో చెప్పాలట. కన్వీనర్‌గా నా సంతకం కావాలట! ఒళ్లు మండిపోయింది. నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాను. ఆ బుట్ట కూడా పిన్నే ఖాళీ చేసింది. అదేమిటో ఆవిడకి తెలియదు.

రెండోది మా కమిటీ కృతజ్ఞతతో రాసిన కాగితం. పిన్నికి కమిటీ శిక్షణ ఇస్తుందట. ఇకమీదట ప్రతి డ్రిల్ గురించీ ఆవిడకి ముందుగానే తెలియజేస్తుందట. ఎవరు ఎన్నింటికి పడిపోతారో నిమిషాలతో సహా!

చదువుతుంటే మేనేజరుగారు వచ్చి తలుపు దగ్గరగా వేశారు. వచ్చే నెల మళ్లీ డ్రిల్ ఉంది. డాక్టరు నన్ను నటించవద్దన్నాడు కాబట్టి సీనియారిటీ ప్రకారం గుండెపోటు ఈసారి ఆయనది.

ఆయన అటూ ఇటూ చూశారు. రుమాలుతో నుదురు తుడుచుకున్నారు.

"ఆ రెండో కాగితం కూడా చింపెయ్యవయ్యా" అన్నారు మెల్లిగా. "డ్రిల్ సంగతి పిన్నికి మాత్రం చెప్పకు."